తొక్కి ఇంటికొచ్చినవాళ్ళు



టోక్యో నేషనల్ మ్యూజియంలో 19 ఇత్తడి పలకలున్నాయి. ఒక్కొక్కటి ఇంచుమించు జానెడు పొడవుంటుంది. కొన్నిటి మీద సిలువ వేసిన ప్రభువు, కొన్నిటి మీద ముళ్ళ కిరీటంతో జనం ముందు నిలబెట్టిన ప్రభువు. ఇంకొన్నిటి మీద చనిపోయిన కొడుకును ఒళ్ళో పెట్టుకున్న మరియమ్మ, బిడ్డనెత్తుకున్న మరియమ్మ. పోత పోసినవాడు పనిమంతుడే. కానీ ఇప్పుడు ఆ ముఖాల్లో కళ్ళేవో, ముక్కేదో ఆనవాలు పట్టలేం. బొమ్మలో కాస్త ఎత్తుగా లేచిన చోటల్లా నున్నబడిపోయింది. అవి అరిగింది మనుషుల అరికాళ్ళ కింద.

వీటిని 1669లో జపాన్‌లోని నాగసాకి అధికారులు పోత పోయించారు. బొమ్మల్ని తొక్కించే పని అంతకు 40 ఏళ్ళ ముందే మొదలైంది. మొదట్లో కాగితం మీది బొమ్మలు వాడారు. తర్వాత క్రైస్తవుల ఇళ్ళలో దొరికిన లోహపు బొమ్మల్ని చెక్కల్లో బిగించి వాడారు. ఏటా కొత్త సంవత్సరం రాగానే అధికారులు వీధి వీధికీ వచ్చేవారు. ఇంటిల్లిపాదీ వరసగా వచ్చి ఆ బొమ్మను కాలితో తొక్కాలి. చంటిపిల్లలుంటే తల్లి ఎత్తుకొచ్చి వాళ్ళ పాదం దానికి ఆనించాలి. తొక్కినవాడు క్రైస్తవుడు కాదని పుస్తకంలో రాసుకుని పక్కింటికి పోతారు. వెనకాడితే పట్టుకుపోతారు. ఫుమియె అనే ఈ తంతు నాగసాకిలో 1850ల దాకా సాగింది.

హింసలో విశ్వాసం నిలుపుకోవడం గురించి మాట్లాడమంటే మన మనసు ముందుగా తొక్కనివాళ్ళ మీదికి పోతుంది. న్యాయమే. ఈవేళ నేను తొక్కినవాళ్ళ గురించి కూడా మాట్లాడతాను. తొక్కి, ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టుకుని మోకరించినవాళ్ళ గురించి. ఏడు తరాలు అలా గడిపిన మనుషుల్ని నమ్మకస్థులనవచ్చా, అనకూడదా అన్నది అంత తొందరగా తేలే ప్రశ్న కాదు.

జపాన్‌కు సువార్త వెళ్ళింది మన దేశం మీదుగానే. గోవా కేంద్రంగా పనిచేస్తున్న ఫ్రాన్సిస్ జేవియర్ 1547 చివర్లో మలక్కాలో అంజిరో అనే జపాన్ మనిషిని కలిశాడు. సొంతూళ్ళో ఒకణ్ణి చంపి పారిపోయి వచ్చినవాడు అంజిరో. అతనికి గోవాలోనే బాప్తిస్మం ఇచ్చారు. 1549లో అతన్నే వెంటబెట్టుకుని జేవియర్ కగోషిమాలో దిగాడు. పదేళ్ళకోసారి గోవా బోమ్ జీసస్ బసిలికాలో జేవియర్ శరీరాన్ని దర్శనానికి పెడితే మనవాళ్ళు కూడా వెళ్ళి చూసి వస్తుంటారు. ఆయన వేసిన విత్తనం అటు సముద్రం అవతల ఏమైందో వాళ్ళలో తెలిసినవాళ్ళు తక్కువే.

ఏమైందంటే, మొదటి 60 ఏళ్ళూ బ్రహ్మాండంగా పెరిగింది. 17వ శతాబ్దం మొదట్లో క్రైస్తవులు 3 లక్షల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. దక్షిణాన కొందరు ప్రభువులే బాప్తిస్మం పుచ్చుకున్నారు. వాళ్ళలో అందరిదీ భక్తే అనను. పోర్చుగీసు ఓడ తమ రేవుకు వస్తే తుపాకులు దొరుకుతాయి, పట్టు వ్యాపారం సాగుతుంది. ఆ ఆశ కూడా ఉంది. పాలకులకు పుట్టిన భయానికీ అదే కారణం. ఫాదర్ల వెనకాల సైనికులు వస్తారేమోనని వాళ్ళు అనుమానించారు. ఫిలిప్పీన్స్‌లో స్పెయిన్ పాగా వేయడం కళ్ళముందే కనిపిస్తోంది కదా, ఆ అనుమానం బొత్తిగా ఆధారం లేనిదీ కాదు. అలాగని రాజకీయం ఏమీ ఎరగని రైతుల్ని సిలువ వేయడానికి అదొక సాకు కాజాలదు.

1597 ఫిబ్రవరి 5న నాగసాకి నిషిజాకా గుట్ట మీద 26 మందిని సిలువలకు కట్టి బల్లేలతో పొడిచారు. నడి చలికాలంలో, చెవులు కోసి, క్యోటో నుంచి నెల రోజుల పాటు నడిపించి తెచ్చిన మనుషులు వాళ్ళు. అందరికన్నా చిన్నవాడు 12 ఏళ్ళ పిల్లాడు, లూయిస్ ఇబరాకి. ఆ 26 మందిలో ఒకరు మన దేశంలో పుట్టినవాడే. ముంబయి లోకల్ రైలెక్కి విరార్ వైపు పోయేవాళ్ళు వసై రోడ్ స్టేషన్ దాటుతారే, ఆ వసై అతనిది. గొన్సాలో గార్సియా. తండ్రి పోర్చుగీసు, తల్లి ఇక్కడి స్త్రీ. కుర్రతనంలో ఫాదర్ల వెంట జపాన్ వెళ్ళి భాష పట్టుబడ్డాక, కొన్నాళ్ళు వ్యాపారం చేసి, మనీలాలో ఫ్రాన్సిస్కన్ సభలో చేరి, దుబాసీగా మళ్ళీ జపాన్ వెళ్ళాడు. 1862లో పోపు ఈ 26 మందినీ పునీతులుగా ప్రకటించారు. భారతదేశంలో పుట్టి పునీతుడైన మొదటివాడు ఆ వసై మనిషే.

1614లో తొకుగవా ప్రభుత్వం దేశమంతటా క్రైస్తవాన్ని నిషేధించింది. ఆ తర్వాత అధికారులకు ఒక సంగతి తెలిసొచ్చింది. చంపితే సాక్షులు పుడుతున్నారు. జనం గుమిగూడి వాళ్ళ చావును పండగలా చూస్తున్నారు, వాళ్ళ గుడ్డపేలికలు దాచుకుంటున్నారు. అందుకని పద్ధతి మార్చారు. కావలసింది చావు కాదు, నోటితో ఒక మాట. గొయ్యి తవ్వి, మనిషిని తాళ్ళతో బిగించి, తలకిందులుగా అందులోకి వేలాడదీస్తారు. రక్తం తలకెక్కి వెంటనే ప్రాణం పోకుండా చెవి దగ్గర చిన్న గాటు పెడతారు. వదిలేస్తున్నానని సైగ చేస్తే చాలు, పైకి లాగుతారు.

1633 అక్టోబరులో అలాంటి గోతుల్లో పక్కపక్కనే వేలాడినవాళ్ళలో ఇద్దరి సంగతి చెప్పుకోవాలి. ఒకరు క్రిస్టోవావ్ ఫెరీరా. పోర్చుగీసువాడు, జపాన్‌లో జెసూట్ సభకు పెద్ద. ఎందరికో ధైర్యం చెప్పినవాడు, హతసాక్షుల వార్తలు రాసి రోముకు పంపినవాడు. ఐదు గంటలు వేలాడి, లొంగిపోయాడు. ఇంకొకరు నకౌరా జూలియన్. చిన్నప్పుడు నలుగురు జపాన్ పిల్లల్ని గోవా మీదుగా రోముకు పంపితే, పోపును చూసి వచ్చినవాళ్ళలో ఒకడు. ఇప్పుడు 60 దాటిన ముసలి ఫాదరు. ఆయన నాలుగో రోజున గోతిలోనే ప్రాణం విడిచాడు. ఫెరీరా ఆ తర్వాత సవానో చువాన్ అనే పేరుతో బతికి, క్రైస్తవాన్ని ఖండిస్తూ పుస్తకం రాసి, తోటి ఫాదర్లను ప్రశ్నించేటప్పుడు అధికారుల పక్కన దుబాసీగా కూర్చుని, 1650లో పోయాడు. ఎండో షూసాకు నవల ‘సైలెన్స్’లోనూ, దాన్నిబట్టి తీసిన సినిమాలోనూ మీరు చూసిన ఫెరీరా ఇతనే.

ఐదు గంటల మనిషిని తక్కువ చేసి, నాలుగు రోజుల మనిషిని ఎక్కువ చేసి చెప్పడం నాకు సులువే. స్టూడియోలో ఫ్యాను కింద కూర్చుని ఎన్నయినా చెప్పొచ్చు. నాకైతే ఫెరీరా ఐదు గంటల కంటే తర్వాతి 17 ఏళ్ళు ఎక్కువ బాధ కలిగిస్తాయి. గోతిలో నోరు జారిన మాటకు మనం కొలతలు పెట్టలేం. ఆ తర్వాత వేలెత్తి ఇతరుల్ని చూపించడం వేరే లెక్క.

1637లో షిమబారాలో రైతులు తిరగబడ్డారు. కరువు, మోయలేని పన్నులు, వాటి మీద మతం పేరిట చిత్రహింస. హారా కోటలో చేరి నెలల తరబడి నిలబడ్డ జనాన్ని 1638లో ఆడా మగా పిల్లా అనకుండా నరికేశారు. 37,000 మంది అని చెబుతారు. ఆ కోట మీద ఫిరంగులు పేల్చి ప్రభుత్వానికి సాయపడ్డ ఓడ హాలెండుది. ఆ ఓడలో ఉన్నవాళ్ళూ క్రైస్తవులే, బైబిలు చదివేవాళ్ళే. వ్యాపారం దగ్గర ఎవరి ప్రభువు ఎవరో తెలిసిపోతుంది మరి.

తర్వాత దేశం తలుపులు మూసేశారు. జపాన్‌లో మిగిలిన చివరి ఫాదరు కొనిషి మాన్షియో 1644లో హతసాక్షి అయ్యాడు. ఊరూరా చెక్క పలకల మీద ప్రకటనలు. ఎవర్ని పట్టిస్తే ఎంతిస్తారో ధర కట్టి రాశారు. 1682 నాటి పలక ఒకటి చూడండి: ఫాదరును పట్టిస్తే 500 వెండి నాణేలు, బ్రదరును పట్టిస్తే 300. ఆ కిందనే ఇంకో మాట ఉంది. ఒకసారి వదిలేశానని ఒప్పుకుని మళ్ళీ వెనక్కి వచ్చినవాణ్ణి పట్టిస్తే వాడికీ 300. మామూలు విశ్వాసికైతే 100.

ఎన్నడూ పడని మామూలు విశ్వాసి కంటే, పడి లేచినవాడి తల మూడు రెట్లు ఖరీదు కట్టింది ప్రభుత్వం. నాకు తెలిసి చాలామంది ప్రసంగీకుల కంటే ఆ గుమాస్తాలకే విషయం బాగా అర్థమైంది. చచ్చినవాడితో వాళ్ళకు పేచీ లేదు. తొక్కించి, సంతకం పెట్టించి, పని అయిపోయిందనుకున్న మనిషి రాత్రికి రాత్రి వెనక్కి పోతున్నాడంటే ఆ యంత్రమే పనిచెయ్యడం లేదన్నమాట.

ఇక లోపల ఏం జరిగేదో చూద్దాం. ప్రతి కుటుంబమూ ఏదో ఒక బౌద్ధాలయం కింద పేరు రాయించుకోవాలి. ఐదేసి ఇళ్ళకు ఒక జట్టు, ఒకడు తప్పు చేస్తే ఐదిళ్ళకూ శిక్ష. గుడి లేదు, ఫాదరు లేడు, ప్రభువు బల్ల లేదు. ఉరకామి అనే పల్లెలో, ఇప్పుడది నాగసాకిలో కలిసిపోయింది, ఆ రైతులు తమలో తామే పనులు పంచుకున్నారు. ఒక మనిషి పంచాంగం కాపాడతాడు. ఏ రోజు ఆదివారం, ఏ రోజు క్రిస్మస్, తపస్సుకాలం ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు పొలం పనికి పోకూడదు, ఎప్పుడు మాంసం ముట్టకూడదు, అంతా అతని లెక్క. ఇంకొకడు బాప్తిస్మం ఇస్తాడు. నీళ్ళు పోస్తూ అనాల్సిన మాటలు తడబడకుండా అప్పజెప్పగలగాలి, తన తర్వాతి వాడికి నేర్పగలగాలి. మూడో రకం వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి రేపు ఏ పండగో చెవిలో చెప్పిపోతారు. ప్రార్థనల్లో సగం లాటిను, పోర్చుగీసు మాటలు. అర్థం ఎప్పుడో పోయింది, శబ్దం కూడా అరిగింది. గొంతులోనే గొణుక్కుంటూ అప్పజెప్పేవారు. బిడ్డనెత్తుకున్న కన్నోన్ అనే బౌద్ధ దేవత బొమ్మను ఇంట్లో పెట్టుకుని, మరియమ్మగా తలుచుకునేవారు.

చావొస్తే అసలు చిక్కు. బౌద్ధ సన్యాసి ఇంటికొచ్చి సూత్రాలు చదివితే తప్ప శవాన్ని కదలనివ్వరు. ఆయన ముందు గదిలో గంట కొట్టి చదువుతుంటాడు. పక్క గదిలో తలుపు వెనకాల ఇద్దరు ముగ్గురు కూర్చుని, ఆయన చదివింది తమ మనిషికి అంటకుండా పోవాలని ఇంకో ప్రార్థన గొణుగుతుంటారు. గొంతు కాస్త పెరిగితే ప్రాణాలు పోతాయి. ముందు గదిలోని సన్యాసులకు ఏమీ తెలియదనుకోలేం. కొందరు తెలిసే ఊరుకుని ఉంటారని నా అనుమానం. రెండు వందల ఏళ్ళు ఒక పల్లె మొత్తం దాగి ఉండాలంటే పొరుగువాడి మౌనం కూడా కావాలి.

ఇంత కట్టుదిట్టంలోనూ కొత్త సంవత్సరం రాక తప్పదు, బొమ్మ తొక్కకా తప్పదు. తొక్కితే అది పాపమని వాళ్ళకు తెలుసు. పాపసంకీర్తనం వినడానికి ఫాదరు లేడు. అప్పుడు వాళ్ళను ఆదుకున్నది ఒక చిన్న పుస్తకం. 1603లో, అంటే నిషేధం రాకముందే, జపాన్‌లో ఉన్న బిషప్ సెర్కీరా హయాంలో వేసిన పుస్తకమది. ఫాదరు అందుబాటులో లేకపోతే మనిషి నిండు మనసుతో ఎలా పశ్చాత్తాపపడాలో, ఫాదరు దొరికిన రోజున ఒప్పుకుంటానని దేవునికి ఎలా మాటివ్వాలో అందులో ఉంది. చేత్తో రాసుకున్న ప్రతులు, నోటికి వచ్చిన పాఠాలు తరం నుంచి తరానికి వెళ్ళాయి. తొక్కివచ్చిన రాత్రి ఇంట్లో ఆ ప్రార్థన చెప్పుకునేవారు. మళ్ళీ ఏడాది మళ్ళీ తొక్కాలి, మళ్ళీ చెప్పుకోవాలి.

ఇక్కడ ఆగి, మీలో కొందరికి వచ్చే కోపానికి సమాధానం చెప్పాలి. ఇది విశ్వాసమా, వేషమా? మనుషుల ఎదుట నన్ను ఎరగనన్నవాణ్ణి తండ్రి ఎదుట నేనూ ఎరగనంటానని ప్రభువు హెచ్చరించలేదా? హెచ్చరించాడు. ఆ మాటను పలచన చేయడానికి నాకు అధికారం లేదు. నిషిజాకా గుట్ట మీద 12 ఏళ్ళ పిల్లాడు ఆ మాటను అక్షరాలా పట్టుకున్నాడు. కానీ సువార్తల్లోనే చలిమంట దగ్గర మూడుసార్లు ఎరగనన్న శిష్యుడు ఉన్నాడు. అతన్ని ఎవరూ తరిమెయ్యలేదు, గొర్రెల్ని అతని చేతికే అప్పగించారు. తొక్కిన ఆ రైతులు తాము తొక్కింది ఒప్పేనని ఏనాడూ వాదించలేదు. ఏటా దాన్ని పాపమనే పిలిచారు. వాళ్ళ నిజాయితీ అక్కడుంది. అది తప్పు కాదు అనుకున్న మొదటి తరంతోనే ఆ ఊళ్ళో విశ్వాసం ముగిసిపోయి ఉండేదని నేననుకుంటాను.

ఈ పేచీ సంఘానికి కొత్త కాదు. 250లో రోమా చక్రవర్తి డీసియస్ అందరూ దేవతలకు బలి అర్పించి సర్టిఫికెట్ తీసుకోవాలన్నాడు. అలాంటి సర్టిఫికెట్లు ఈజిప్టు ఇసకలో దొరికాయి. అప్పట్లో వేలమంది బలి ఇచ్చారు, ఇంకొందరు డబ్బిచ్చి కాగితం మాత్రం కొనుక్కున్నారు. గొడవ చల్లారాక అందరూ గుడి ముందుకొచ్చి నిలబడ్డారు. రోములో నోవేషియన్ వీళ్ళను రానివ్వద్దన్నాడు. కార్తేజ్ బిషప్ సిప్రియన్ మాత్రం పశ్చాత్తాపపడితే చేర్చుకుందామన్నాడు, వచ్చినవాణ్ణి వచ్చినట్టు కాదు, కొంతకాలం పరీక్షించి. ఆయన మీద ఎత్తిపొడుపులు తక్కువ కాలేదు, ఎందుకంటే హింస మొదలవగానే ఆయన కూడా ఊరు వదిలి దాక్కున్నాడు. అదే సిప్రియన్ 258లో, మళ్ళీ హింస వచ్చినప్పుడు, పారిపోకుండా ఉండి కత్తికి తల వంచాడు.

మన సంఘాల్లో సాక్ష్యాలు చెప్పే ఆనవాయితీ ఉంది. సువార్త సభల్లో మైకు ముందుకొచ్చి, ఇంట్లో కొట్టారు, ఊళ్ళో వెలేశారు, అయినా ప్రభువును వదల్లేదు అని చెబుతారు. స్తోత్రం అంటాం. ఇంట్లో కొట్టారు, భయపడి నాలుగేళ్ళు గుడి మానేశాను, మళ్ళీ వచ్చాను అని చెప్పేవాళ్ళను ఎంతమందిని విన్నాం? అలాంటి మనిషి వస్తే వెనక వరసలో కూర్చుంటాడు. ప్రభువు బల్ల దగ్గరికి రావడానికి జంకుతాడు, మనమూ రమ్మనం. 2008లో పొరుగున ఒడిశాలోని కంధమాల్‌లో ఇళ్ళు కాలి జనం అడవుల్లోకి పరిగెత్తినప్పుడు, కొన్ని ఊళ్ళలో తిరిగి రావాలంటే మతం మారాలని బలవంతపెట్టారన్న వార్తలొచ్చాయి. పిల్లల కోసం తల వంచినవాళ్ళ గురించి మన ప్రసంగాల్లో ఒక్క మాటా రాలేదు. ప్రాణం పోయినవాళ్ళ గురించి మాత్రం బాగానే చెప్పుకున్నాం.

మళ్ళీ జపాన్‌కు పోదాం. 1850ల్లో తలుపులు కొంచెం తెరుచుకున్నాయి. విదేశీ వ్యాపారుల కోసమని ఫ్రెంచి ఫాదర్లు నాగసాకిలో ఓఉరా అనే చోట, నిషిజాకా గుట్ట వైపు తిరిగి ఉండేలా గుడి కట్టి, ఆ 26 మంది పేరు పెట్టారు. జపాన్‌వాళ్ళకు మాత్రం ఆ మతం ఇంకా నిషేధమే. 1865 మార్చి 17, శుక్రవారం. గుడి ముందు పదిహేనుమంది దాకా పల్లెజనం నిలబడ్డారు. ఫాదర్ పెటీజాన్ తలుపు తీశాడు. వింత చూడ్డానికి వచ్చారనుకుని లోపలికి తీసుకెళ్ళి తాను మోకరించాడు. ఒకామె దగ్గరికొచ్చి, గుండె మీద చెయ్యి వేసుకుని, మా అందరి మనసూ మీ మనసూ ఒక్కటే అని మెల్లగా చెప్పింది. ఎక్కడినుంచి వచ్చారంటే ఉరకామి అన్నారు. ఆ వెంటనే అడిగింది, సాంటా మారియా బొమ్మ ఎక్కడని.

పెటీజాన్ రాసిన ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వివరం వేరే ఉంది. మాటల మధ్య వాళ్ళు, ఇప్పుడు దుఃఖకాలం (తపస్సుకాలం) 17వ రోజు కదా అన్నారట. ఆ ఏడాది బూడిద బుధవారం మార్చి 1న వచ్చింది. అక్కణ్ణించి లెక్కపెట్టండి, 17వ రోజు మార్చి 17. రెండు వందల ఏళ్ళకు పైగా ఫాదరు ముఖం చూడని రైతులు, రోముతో ఒక్క రోజు తేడా లేకుండా తపస్సుకాలం పాటిస్తూ వచ్చారు. బాస్టియన్ అనే ఉపదేశి వదిలిపోయిన పంచాంగం అది, అసలు మూలం 1634 నాటిది. ఏడు తరాల తర్వాత పెద్ద నల్ల ఓడలో ఫాదర్లు వస్తారని కూడా బాస్టియన్ చెప్పిపోయాడంటారు. ఆ జోస్యం సంగతి ఎలా ఉన్నా, తొక్కినవాళ్ళే ఆ లెక్క తప్పకుండా చూశారు. తొక్కనివాళ్ళు అప్పటికి ఎప్పుడో హతసాక్షులయ్యారు.

కథ అక్కడితో సుఖాంతమైతే బాగుండేది. ఫాదర్లు దొరికాక ఉరకామి జనానికి వేషం బరువైపోయింది. 1867లో చావులకు సన్యాసిని పిలవకుండా తామే పాతిపెట్టడం మొదలెట్టారు. ఒక వానరాత్రి పోలీసులు వచ్చి 68 మందిని పట్టుకుపోయారు. చిత్రహింసలకు ఒక్కొక్కరే లొంగిపోయి, చివరికి తకాగి సెన్‌యెమోన్ ఒక్కడే మిగిలాడు. లొంగినవాళ్ళు ఇంటికొచ్చారు. ఇంట్లో అన్నం సహించలేదు. కొందరు తామే ఊరిపెద్ద దగ్గరికి నడిచి వెళ్ళి, మా మాట వెనక్కి తీసుకుంటున్నాం, రాసుకోండి అన్నారు.

మరుసటి ఏడాది ప్రభుత్వం మారింది. కొత్త మెయిజి ప్రభుత్వం పాత నిషేధాన్నే కొత్త పలకల మీద రాయించి, పల్లె పల్లెనే పెకిలించింది. ఉరకామి వాళ్ళు సుమారు 3,400 మందిని ఇరవైకి పైగా చోట్లకు చెదరగొట్టి పంపింది. త్సువానోలో మనిషి నిలబడనూ లేని, పడుకోనూ లేని మూడడుగుల బోనులో పెట్టారు, మంచు పేరుకున్న చెరువులో ముంచారు. మొత్తం మీద 600 మందికి పైగా చనిపోయారు. వెయ్యి మందికి అటూ ఇటూగా వదిలేశామన్నారు. పాశ్చాత్య దేశాలు గట్టిగా అడిగేసరికి 1873 ఫిబ్రవరి 24న ప్రకటన పలకలు తీసేశారు. నిషేధం రద్దు చేశామని మాత్రం అనలేదు. పలకల మీది సంగతి జనానికి ఎలాగూ తెలిసిపోయింది కాబట్టి తీసేస్తున్నామన్నారు! ప్రభుత్వాలు తప్పు ఒప్పుకునే తీరు ఎక్కడైనా ఒక్కటే.

నిలబడినవాళ్ళూ, లొంగినవాళ్ళూ అదే కూలిపోయిన పల్లెకు వచ్చి పక్కపక్క పొలాలే దున్నుకున్నారు. లొంగిన చాలామందిని సంఘం మళ్ళీ చేర్చుకుంది. 1874లో జిగట విరేచనాలు ప్రబలితే ఇవనాగా మాకి అనే యువతి, ఆమె కూడా ప్రవాసం అనుభవించి వచ్చిందే, మరికొందరు ఆడపిల్లలతో కలిసి రోగులకు సేవ చేసింది, అనాథల్ని పెంచింది. ఎవరి బిడ్డ అని అడగలేదు. 1880లో ఊరివాళ్ళు చందాలేసుకుని ఒక స్థలం కొన్నారు. ఒకప్పుడు ఊరిపెద్ద ఇల్లు అది. ఏటా వాళ్ళ తాతముత్తాతల చేత బొమ్మ తొక్కించింది ఆ ఇంట్లోనే. అక్కడే గుడి కట్టుకున్నారు. 1895లో మొదలుపెట్టిన ఇటుకల పెద్ద గుడి 1914కు గానీ పూర్తి కాలేదు, అంతా కూలినాలి డబ్బు. 1945 ఆగస్టు 9న అణుబాంబు ఆ గుడికి అర కిలోమీటరు దూరంలో పేలింది. ఆ సంఘంలో 12,000 మంది ఉంటే 8,500 మంది దాకా పోయారు. 1959లో మళ్ళీ కట్టారు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. 1865 తర్వాత దాగిన క్రైస్తవులందరూ ఫాదర్ల దగ్గరికి రాలేదు. ఇకిత్సుకి దీవిలాంటి చోట్ల చాలామంది, మా పెద్దలు ప్రాణాలకు తెగించి దాచిన పద్ధతి మాది, దాన్ని మార్చుకోం అన్నారు. ఫాదర్లు వాళ్ళను విడిపోయినవాళ్ళన్నారు. సిద్ధాంతం ప్రకారం ఫాదర్లదే రైటు కావచ్చు. వాళ్ళ ప్రార్థనల్లో ఏది సువార్తో, ఏది పూర్వీకుల పూజో విడదీయడం కష్టమే. అయినా వాళ్ళను నమ్మకద్రోహులనడానికి నాకు నోరు రాదు. వాళ్ళు నమ్మకంగా పట్టుకున్నది తమకు అందినదాన్నే. ఇప్పుడక్కడ ఆ ప్రార్థనలు నోటికి వచ్చినవాళ్ళు ముసలివాళ్ళే, నేర్చుకునే పిల్లలు పట్నాలకు పోయారు. 2018లో యునెస్కో నాగసాకి ప్రాంతపు దాగిన క్రైస్తవుల స్థలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. హతసాక్షులు చనిపోయిన నకయెనోషిమా అనే రాతి దిబ్బ ఆ జాబితాలో ఉంది. పడవేసుకుని ఆ దిబ్బకు వెళ్ళి, రాతి చీలికలోంచి చుక్క చుక్కగా ఊరే నీటిని బాప్తిస్మాల కోసం పట్టి తెచ్చుకునే ఇకిత్సుకి ఊళ్ళు మాత్రం అందులో లేవు.